అరుగు మీది సుబ్బరావమ్మ

తెల్లారగానే సుబ్బరావమ్మ రెండు గ్లాసుల్లో టీ పోస్తుంది. ఒకటి తనకి. ఇంకొకటి అరుగు మీద నులకమంచంలో కూర్చున్న ముసలి సుబ్బరావమ్మకి. ముసలామెకి షుగరు కాబట్టి ఆ గ్లాసులో పంచదార వెయ్యదు. టీ తాగాక వాకిలి చిమ్మి, కల్లానికి పోయి, మంచు పడకుండా కప్పిన పట్టాలు తీసి, మిరపకాయలు కాళ్ళతో తిరగేసి వస్తుంది. వచ్చేసరికి ముసలామె అక్కడే ఉంటుంది, ఖాళీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, వీధి వైపు చూస్తూ.

ప్రత్తిపాడుకి ఇవతల ఉన్న ఆ ఊళ్ళో ఇది మామూలే. యాభై దాటినవాళ్ళ ఇంటికి ఏదో ఒక పొద్దున ముందరి మనిషి వచ్చి కూర్చుంటుంది. ముందరి మనిషంటే ఇంకెవరో కాదు. ఎనభయ్యో పడిలో తను ఎలా ఉంటుందో ఆ తనే. ఎక్కణ్ణించి వచ్చావని ఎవరూ అడగరు. మంచం వాల్చి, ఇంత ముద్ద పెడతారు, అంతే. ముందరి మనుషులు తమ ఇంటివాళ్ళతో మాట్లాడరు. కానీ ఇంటివాళ్ళు ఇవాళ చేసిన పని రేపు పొద్దునకి, ఒక్కోసారి అప్పటికప్పుడే, వాళ్ళ ఒంటి మీద కనపడుతుంది. చూసి దిద్దుకునేవాళ్ళు దిద్దుకుంటారు.

"ఒరేయ్, మీ ముందరాయనకి పళ్ళు లేవురా. ఆ పొగాకు నమలటం మానెయ్" అని టీకొట్టు దగ్గర ఒకడంటే, "నేను మానను, ఆయన మెత్తగా వండించుకు తింటాడ్లే" అని ఇంకొకడు అంటాడు. పెళ్ళి సంబంధాలప్పుడు కూడా ఆడపిల్లవాళ్ళు అరుగు వైపు ఓ చూపు చూసే లోపలికొస్తారు.

కొందరికి రారు.

సుబ్బరావమ్మ భర్త వెంకయ్యకి రాలేదు. యాభై దాటిన ఏడు ఆయన అరుగు మీద మంచం వాల్చి, దుప్పటి పరిచి, పత్తి తీతలయ్యేదాకా ఎదురుచూశాడు. తర్వాత ఒకనాడు దుప్పటి మడిచి లోపల పెట్టి, మంచం గోడకి నిలబెట్టాడు. ఆ ఏడాది పత్తి డబ్బు చేతికి రాగానే, ఎన్నడూ లేనిది, ఆమెని వాడరేవు తీసుకుపోయి, పంచె పైకి ఎగ్గట్టి సముద్రంలో నిలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు. తడిసిన పంచెతోనే బస్సులో కూర్చున్నాడు. మరుసటి ఏడాది గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు వాళ్ళకి. ఇల్లూ, రెండెకరాల మిరప చేనూ ఆమెకి మిగిలాయి.

తర్వాత కొన్నేళ్ళకి ఆమె ముందరి మనిషి వచ్చింది. అది మిరపకాయకి ధర పడిపోయిన ఏడు. బస్తాలన్నీ గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి, రేటొస్తుందని. వాకిట్లో నిలబడ్డ మనిషిని చూసి సుబ్బరావమ్మ చేతిలోని చీపురు జారిపోయింది. ఆ వచ్చినామె చీర చిరుగుని ముడేసి కట్టుకుంది. ఒక కాలు వాచి ఉంది. కళ్ళ మీద తెల్లటి పొర. అన్నం పెడితే కూర కలుపుకునేదాకా కూడా ఆగలేదు. కింద పడిన మెతుకులు వేలితో తడిమి ఏరుకుని తింది. పళ్ళెం ఖాళీ అయ్యాక దాన్ని ఒళ్ళో దాచుకుంది, ఎవరైనా లాక్కుపోతారన్నట్టు.

తన ఆకలి తన కంటికే అట్లా కనపడితే ఏ మనిషి మాత్రం కుదురుగా ఉంటుంది? సుబ్బరావమ్మ ఆ సాయంత్రమే రాధాకృష్ణమూర్తి మాస్టారి ఇంటికి పోయింది. మాస్టారు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. ఆయన ముందరాయన ఇస్త్రీ పంచె కట్టుకుని, చెవిలో మిషను పెట్టుకుని, ప్రహరీ చుట్టూ నడుస్తూ ఉంటాడు. ఊళ్ళో ఎవరికి డబ్బు సంగతి తెలియాలన్నా ఆ ఇంటికే వస్తారు.

"ఏమ్మా సుబ్బరావమ్మా, ఉన్నదంతా ఎక్కడ పెట్టావు?" అన్నాడాయన.

"ఎక్కడ పెడతానండీ, అంతా కాయే. కోల్డ్ స్టోరేజీలో ఉంది."

"రేటు రాకపోతే?"

"వచ్చిందాకా ఆగుతానండీ. మా ఆయనా అట్టాగే ఆగేవాడు."

"పోయినసారి రెండో ఏడు దాకా ఆగారు, కాయ రంగు పోయింది. ఏమొచ్చింది?"

ఆమె పైట కొంగు వేలికి చుట్టుకుంది.

"కాయని ఏసీలో పెట్టి ఆపుతావు సరే. నీ మోకాళ్ళని ఎక్కడ పెట్టి ఆపుతావమ్మా?" అని ఆయన వివరంగా చెప్పాడు. వచ్చిన రేటుకి సగం బస్తాలు అమ్మెయ్యమన్నాడు. ఒక ఎకరం కౌలుకివ్వమన్నాడు. నెలనెలా వడ్డీ వచ్చేట్టు పోస్టాఫీసులో కొంత వేసి, దాని జోలికి పోవద్దన్నాడు. ఏ జబ్బూ కాగితం మీదకి ఎక్కకముందే ఆరోగ్య బీమా కట్టుకోమన్నాడు. ఎవరికీ హామీ సంతకం పెట్టొద్దన్నాడు. "ఇంకొక్కమాట. అంతా దాచెయ్యకమ్మా. మనుషుల కోసం కూడా ఇంత తీసి పక్కన పెట్టుకో" అని ఆయన అంటున్నప్పటికి సుబ్బరావమ్మ చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది.

మొదటి మాటలన్నీ ఆమె తు చ తప్పకుండా చేసింది. బస్తాలు అమ్మి పోస్టాఫీసులో వేసిన మరునాడు ముసలామె చీరకి చిరుగు లేదు. బీమా కట్టిన మరునాడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంది. ఇంకో వారానికి అద్దాలు తీసేసింది, పొర లేదు, కళ్ళు చింతగింజల్లా ఉన్నాయి. కాలి వాపు తీసింది. సుబ్బరావమ్మకి ఆ రోజుల్లో పొద్దున లేవడమంటే సంబరం. తలుపు తీసి ముందు అరుగు మీదికి చూసేది, చేలో మొలక చూసుకున్నట్టు.

మరిది కొడుకు కోటేష్ ఒకరోజు కాగితాలు పట్టుకుని వచ్చాడు. పురుగుమందుల కొట్టు పెడుతున్నాడు. లోనుకి హామీ కావాలి.

"ఒక్క సంతకం పెద్దమ్మా. నేనేమైనా ఎగ్గొట్టే మనిషినా?"

"నువ్వు కాదులేరా" అని ఆమె పెన్ను తీసుకుంది. పెన్ను మూత తీయగానే అరుగు మీద గాజుల చప్పుడయింది. ఇద్దరూ తిరిగి చూశారు. ముసలామె చేతుల్లోంచి గాజులు ఒక్కొక్కటే జారి కింద పడుతున్నాయి, చెయ్యి అంతగా చిక్కిపోతోంది. కోటేష్ ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుని, మూత పెట్టి, "వద్దులే పెద్దమ్మా, మా మామగార్ని అడుగుతా" అన్నాడు. పోతూ పోతూ గాజులు ఏరి మంచం మీద పెట్టిపోయాడు. మంచి పిల్లాడే. కానీ ఆ తర్వాత ఆ గుమ్మం వైపు రావటం తగ్గించేశాడు. ముసలామె చెయ్యి అట్టా సన్నబడిపోవటం గుర్తొచ్చేదేమో.

సుబ్బరావమ్మకి దాచటం రుచి తగిలింది. టీవీ కనెక్షను తీయించేసింది. గుంటూరులో ఒక బంగారం కొట్టులో నెలనెలా కట్టే స్కీములో చేరింది. ముసలామె మెళ్ళో రెండు పేటల గొలుసు వచ్చింది. ఈమె పెళ్ళిళ్ళకి పోవటం మానేసింది. పెళ్ళికి పోతే చదివింపులుంటాయి. ఫలానా వారు ఇంత చదివించారు అని మైకులో చెబుతారు. తక్కువ చదివిస్తే పరువు పోతుంది, ఎక్కువ చదివిస్తే డబ్బు పోతుంది. పోకపోతే రెండూ మిగులుతాయని ఆమె లెక్క. తనకి జ్వరమని, కల్లంలో కాయ ఉందని చెప్పేది.

నస్రత్ కూతురి పెళ్ళికి కూడా జ్వరమనే చెప్పింది.

నస్రత్ మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళ జట్టుకి పెద్ద. సుబ్బరావమ్మ కొత్తకోడలిగా వచ్చిన ఏడు నుంచీ తెలుసు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తొడిమలు తీసి, చేతులు మండిపోతే ఒకే గిన్నెలో మజ్జిగ పోసుకుని నాలుగు చేతులూ అందులో ముంచేవాళ్ళు. ఒకళ్ళ వేళ్ళు ఒకళ్ళకి తగిలి నవ్వుకునేవాళ్ళు. ఆ పెళ్ళి తర్వాత నస్రత్ ఆమె కల్లానికి రాలేదు. వేరే జట్టు వచ్చింది, పనిచేసి పోయింది. కాయలో తేడా ఏమీ లేదు.

అట్లా ముసలి సుబ్బరావమ్మ నున్నగా, నిండుగా, పట్టంచు చీరలో అరుగు మీద కూర్చుని ఉండగా, ఒకరోజు మాట్లాడింది. వీధిలో ఎవరో పోతున్నారు. చెప్పుల చప్పుడైంది.

"ఎవరదీ?" అంది ముసలామె.

సుబ్బరావమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ముసలామె ఈమె వైపు చూడలేదు. వీధి వైపే చూస్తోంది. చెప్పుల చప్పుడు దాటిపోయింది. కాసేపటికి ఒక మోటారుసైకిలు పోయింది. "ఎవరదీ?" అంది. బడి పిల్లలు పోయారు. "ఎవరదీ?" అంది. ఎవరూ ఆగలేదు. ఆగేవాళ్ళు లేరని తెలిసీ అడుగుతున్నట్టుంది ఆ గొంతు. పొద్దు వాలాక కూడా మంచం మీద ఒరగకుండా కూర్చునే ఉంది. ఆకలితో కాదు. కంచంలో అన్నం సగం వదిలేసింది.

సుబ్బరావమ్మకి అర్థం కాలేదు. ఏం లోటని? ఇంకొంచెం దాస్తే సర్దుకుంటుందేమో అనుకుంది. కౌలు డబ్బు చేతికి రాగానే పోస్టాఫీసుకి పోయింది. అక్కడ కౌంటరులో శ్రీదివ్య అని చిన్నపిల్ల, కొత్తగా వచ్చింది, ఓపిగ్గా అన్నీ నింపిపెడుతుంది.

"నామినీ ఎవరండీ?" అంది శ్రీదివ్య.

"అంటే?"

"మీ తర్వాత ఈ డబ్బు ఎవరికి వెళ్ళాలో వాళ్ళ పేరు. ఇదివరకటి ఖాతాలో కూడా ఖాళీగానే వదిలేశారు మీరు."

సుబ్బరావమ్మ నోరు తెరిచింది. ఒక పేరు నాలిక చివరిదాకా వచ్చింది. అది నస్రత్ పేరు. ఆ మనిషి కూతురి పెళ్ళికి భోజనానికి కూడా పోనిదాన్ని, ఏ మొహంతో చెప్పను అనుకుని నోరు మూసుకుంది. కోటేష్ పేరు చెబుదామంటే, వాడు ఇంటికొచ్చి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. వెనక వరసలో జనం కదులుతున్నారు.

"పరవాలేదండీ, గుర్తు తెచ్చుకుని తర్వాత చెప్పండి" అంది ఆ పిల్ల జాలిగా.

బస్సు దిగి సుబ్బరావమ్మ ఇంటికి పోలేదు. ఎర్రటి ఎండలో ఊరి చివరికి నడిచింది. నస్రత్ అక్కడ ఒక అద్దెగదిలో ఉంటుంది. భర్త పోయి చాలాకాలమైంది. కూతురు పెళ్ళయి చిలకలూరిపేట వెళ్ళిపోయింది. గుమ్మం పక్కన రాయి మీద ముసలి నస్రత్ కూర్చుని ఉంది. నస్రత్‌కి ఈ ఏడే యాభై నిండాయి కాబోలు. ముసలి నస్రత్ ఒళ్ళో బట్టల మూట ఉంది, గట్టిగా ముడేసి. ఎవరో లేచి పొమ్మనగానే లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు, మడమలు పైకెత్తి కూర్చుంది.

నస్రత్ గుమ్మంలో కూర్చుని చిరిగిన గోనెసంచి కుడుతోంది. తలెత్తి చూసింది.

"రా అక్కా. జ్వరం తగ్గిందా?"

ఆ పెళ్ళి జరిగి రెండేళ్ళయింది.

"తగ్గిందే."

"అబ్బో, మొండి జ్వరమే. ఏం మందు వాడావో చెప్పు, ఊళ్ళో నలుగురికీ చెప్తా."

"జ్వరం లేదు ఏం లేదు. చదివింపులకి భయపడి రాలా."

నస్రత్ సూదిని సంచిలో గుచ్చి పక్కన పెట్టింది.

"అది నాకు తెలవదా? మైకులో నీ పేరు రావాలని నేనేమన్నా చెవులు రిక్కించుక్కూచున్నానా? ముందు వరసలో ఒక కుర్చీ మీద చున్నీ వేసి ఉంచా అక్కా నీ కోసం. పిల్లలొచ్చి కూర్చుంటుంటే లేపుతూ ఉన్నా. ఆఖరికి షామియానావాడొచ్చి కుర్చీలు తీసుకుపోతుంటే అప్పుడు నా చున్నీ నేను తీసుకున్నా."

సుబ్బరావమ్మ గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

"మనుషుల్ని కూడా కోల్డ్ స్టోరేజీలో పెట్టావక్కా నువ్వు. రేటొచ్చాక తీద్దాంలే అని."

ముసలి నస్రత్ రాయి మీదనుంచి ఒకసారి మూట సర్దుకుంది. ఆ చప్పుడుకి ఇద్దరూ అటు చూశారు.

"నాలుగు రోజులయింది వచ్చి" అంది నస్రత్ మెల్లగా. "మూట విప్పటంలా. లోపలికి రమ్మంటే రాదు. ఆ వయసుకి నాకు ఇల్లుండదు కాబోలు. బిడ్డ దగ్గరికి పోతాననుకున్నా, అదీ కుదర్లేదన్నమాట."

సుబ్బరావమ్మ అప్పుడు గడప మీద చతికిలబడి, దారిలో తనకి తట్టిందో, అప్పుడే తట్టిందో, ఒక మాట చెప్పింది.

"మా దొడ్లో రేకుల షెడ్డు వేయిస్తానే. ఆడవాళ్ళు కల్లాల్లో ఎండలో కూర్చుని ఎందుకు మాడటం? ఊళ్ళో అందరి కాయా అక్కడికే తోలమందాం. నీడపట్టున తొడిమలు తీయిద్దాం. జట్టుని నువ్వు చూసుకో. చోటు నాది. వచ్చిన దాంట్లో ఇద్దరం తీసుకుందాం. మనం వంగి పనిచెయ్యలేని రోజు వచ్చినా షెడ్డుకి రాబడి ఉంటుంది. వెనకగది ఊరికే ఉంది, అందులో ఉందువుగాని."

"ఊరికే ఉండమంటే నేను రాను."

"అద్దె ఇవ్వు."

"ఎంత?"

"ఇక్కడెంతిస్తున్నావో అంతకి కొంచెం తక్కువ."

"పైసా తగ్గించొద్దు. తగ్గిస్తే నాకు దయ చూపించావని ఊరంతా చెప్తావు."

"చెప్పనే తల్లీ."

"చూద్దాంలే" అని నస్రత్ మళ్ళీ సూది తీసుకుంది. అవుననలేదు. మంచినీళ్ళు మాత్రం ఇచ్చింది.

సుబ్బరావమ్మ ఇంటికొచ్చేసరికి ముసలామె "ఎవరదీ?" అంటూనే ఉంది. మరునాడూ అంది. ఆ మర్నాడూ అంది. నస్రత్ నుంచి కబురు లేదు. సుబ్బరావమ్మ ఇదివరకటి మనిషైతే కబురు కోసం ఆగేది. ఈసారి ఆగలేదు. బంగారం కొట్టుకి పోయి స్కీము మూసేసి, కట్టిన డబ్బు తీసుకుంది. రాధాకృష్ణమూర్తి మాస్టారు వీధిలో ఎదురై, "తొందరపడుతున్నావేమోనమ్మా, లెక్క చూసుకున్నావా?" అన్నాడు.

"చూసుకున్నానండీ. పోస్టాఫీసుది కదిలించలా. బీమా కడుతున్నా. గొలుసు డబ్బే తీశా."

"ఆమె రాకపోతే?"

"రాకపోతే నా కాయలకైనా నీడ ఉంటుందిగదండీ" అంది. అన్నదే కానీ చూపు పక్కకి తిప్పుకుంది. మాస్టారు అది చూసీ చూడనట్టు వెళ్ళిపోయాడు.

దొడ్లో ఇనుప గొట్టాలు పాతారు. రేకులు బిగించారు. వెనకగదికి సున్నం కొట్టించి, సుబ్బరావమ్మ ఆ ఖాళీ గదిలో ఒక్కతే నిలబడి కాసేపు అటూ ఇటూ చూసింది. కిటికీ రెక్క ఊడివస్తుంటే తనే మేకు కొట్టింది. ఆ చప్పుడుకి అరుగు మీంచి, "ఎవరదీ?" అని వినపడింది. "నేనేనే, నేను కాక ఎవరున్నారు ఇంట్లో" అని అరిచి, ఆ మాట తన చెవికే తగిలి, సుత్తి కింద పెట్టి గది మధ్యలో కూర్చుని ఏడ్చింది. వెంకయ్య పోయినప్పుడు కూడా అంత బిగ్గరగా ఏడవలేదు. ఓదార్చటానికి ఎవరూ లేరు గనక ఏడుపు దానంతట అదే ఆగింది.

మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆటో వచ్చి ఆగింది. అందులో నుంచి ఒక ట్రంకుపెట్టె, గ్యాసు పొయ్యి, కుట్టుమిషను దిగాయి, చివరగా నస్రత్ దిగింది. "చూస్తావేందక్కా, ఒక చెయ్యి వెయ్యి" అంది, నిన్న సాయంత్రమే మాట్లాడుకుని విడిపోయినట్టు. వెనకాల మూట పట్టుకుని ముసలి నస్రత్ దిగింది.

ఆ పూట సర్దుకోవటంతోనే సరిపోయింది. మరునాడు సుబ్బరావమ్మ కల్లంలో కాయ తిరగేసి ఇంటికొస్తే అరుగు మీద ముసలామె లేదు. మంచం ఖాళీగా ఉంది. ఆ ఊళ్ళో ఖాళీ మంచమంటే ఏమిటో అందరికీ తెలుసు. మెల్లగా గోడ పట్టుకుని ఇంటి పక్కగా దొడ్లోకి నడిచింది. షెడ్డులోంచి మాటలు వినపడ్డాయి.

ముసలాళ్ళిద్దరూ ఎర్రటి మిరప కుప్ప దగ్గర ఎదురెదురుగా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ముసలి సుబ్బరావమ్మ మెళ్ళో గొలుసు లేదు. పట్టంచు పోయి మామూలు నేత చీర వచ్చింది. శుభ్రంగా ఉతికిన చీర. ముందరి మనుషులు ఇద్దరు ఒకరితో ఒకరు మాట్లాడుకోవటం ఆ ఊళ్ళో అరుదు. అంత వయసుకి ఆ ఇద్దరూ ఒకరికొకరు మిగిలి ఉంటేనే అది జరుగుతుంది.

"పాలిపోయిన తాలు కాయ తీసుకెళ్ళి మంచిదాంట్లో వేస్తున్నావు. కళ్ళు కనపట్టంలా?" అంటోంది ముసలి నస్రత్.

"నీకేమే, బాగానే కనపడతాయి. నా డబ్బుతో చేయించుకున్న కళ్ళాయె!"

"ఇచ్చేశాగా!"

"ఎక్కడిచ్చావే? సగమిచ్చి ఊరుకున్నావు."

"నువ్వే మర్చిపోయావు. ముసలిదానివైపోయావు."

"నేనా? నువ్వో?"

నస్రత్ గదిలోంచి తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి సుబ్బరావమ్మ పక్కన నిలబడింది. ఇద్దరూ కాసేపు విన్నారు. ముసలాళ్ళు వీళ్ళ వైపు చూడనే లేదు. దేనికో ఇద్దరూ ఒకేసారి కిసుక్కుమని, మళ్ళీ పోట్లాటలో పడ్డారు.

"అక్కా, నాకు కంటి ఆపరేషనంట" అంది నస్రత్.

"సగం డబ్బు బాకీ ఉంటావంట."

"అయ్యో. పోనీ ఇప్పట్నుంచే నెలనెలా కొంచెం కొంచెం ఇస్తా, తీరిపోద్ది."

"ఎందుకే, తొందరేముంది" అంది సుబ్బరావమ్మ.